సీలు విప్పని డబ్బాలు

"ఉద్యోగం మానేస్తే సరిపోతుంది. ఇంతకంటే వేరే దారి నాకు కనిపించడం లేదు," అంది ఆడపడుచు, టీ కప్పు టక్కున బల్ల మీద పెడుతూ.

ఎవరి ఉద్యోగమని వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు అడగాల్సిన పని పడలేదు. హాల్లో ఉన్నది ముగ్గురు. ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి. కానీ ఆ మాట పూర్తి కాకముందే అక్కాతమ్ముళ్ళిద్దరి చూపులూ తిన్నగా వచ్చి తన మీదే వాలాయి.

"ఎవరికి సరిపోతుంది వదినా?"

"అందరికీ. ముందు అమ్మకి."

ఆ అమ్మ, అంటే కోడలి అత్తగారు, తుంటి ఎముకకు ఆపరేషన్ చేయించుకుని నిన్ననే ఆస్పత్రి నుంచి ఇల్లు చేరింది. లోపలి గదిలో పడుకుని ఉంది. తలుపు దగ్గరగా వేశారు. వేసి ఏం లాభం? పెద్ద హోటల్లో బట్టలుతికే విభాగానికి ఆడపడుచు సూపర్‌వైజరు. రోజంతా యంత్రాల హోరు మీద అరిచి అరిచి, మామూలు గొంతు ఎలా ఉంటుందో మరిచిపోయిన మనిషి. ఆవిడ మాట్లాడుతుంటే ఇంట్లో తలుపులు ఉన్నా లేనట్టే.

"అమ్మ ఎవరినీ పిలవకుండా తనంతట తనే లేచింది. బాత్రూం గడప దగ్గర పడింది. నువ్వు ఇంట్లో ఉండి ఉంటే లేవనిచ్చేదానివా? నువ్వే చెప్పు."

"నేను లేను. మీ తమ్ముడు ఉన్నారు. అత్తయ్యకు ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉన్నారు."

"వాడికి తెలిస్తే కదా! అమ్మ బెల్లు కొట్టలేదాయె. కొట్టి ఉంటే వాడు పరిగెత్తుకు రాడూ? ఏరా?"

ఏరా అనిపించుకున్నవాడు సోఫా అంచున కూర్చుని చిన్న స్క్రూ ఒకటి వేళ్ళ మధ్య దొర్లిస్తున్నాడు. తల ఎత్తలేదు.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

అత్తగారు బెల్లు కొట్టలేదన్నది పచ్చి అబద్ధం. ఆ సంగతి ఈ ఇంట్లో ముగ్గురికి తెలుసు. తెలియంది ఆడపడుచుకు ఒక్కదానికే.

ఆ సాయంత్రం కోడలు తను పనిచేసే కళ్ళద్దాల షాపు నుంచి వచ్చి తలుపు తీసేసరికి అత్తగారు బాత్రూం గడప మీద ఒరిగిపోయి ఉంది. ఆమె పిడికిట్లో, మంచం మీద నుంచి మనిషిని పిలవడానికి పెట్టిన వైర్‌లెస్ బెల్లు బటన్ ఉంది. బొటనవేలు ఇంకా దాన్ని నొక్కుతూనే ఉంది. హాల్లో మాత్రం చిన్న చప్పుడు లేదు. కోడలు కేకలు పెడుతూ వెనక గదిలోకి పరిగెత్తింది. అక్కడ మొగుడుగారు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవడో కొత్త మీటరు డబ్బా విప్పి మురిసిపోతున్న వీడియో చూస్తూ తనూ మురిసిపోతున్నాడు. ముందున్న బల్ల మీద తల్లి బెల్లు పొట్ట విప్పేసి పడి ఉంది. అందులో మోగే బజర్ లేదు. దాన్ని పీకి ఇంకో బోర్డుకు అతికించాడు. నీళ్ళ ట్యాంకు నిండితే కూత పెట్టే అలారమట. వాళ్ళ బిల్డింగులో ట్యాంకు సంగతి వాచ్‌మన్ చూసుకుంటాడు. ఆ కూత ఎవరికోసమో ఆయనకే తెలియాలి.

నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా ఆయన. ఇంటికి రాగానే ఇంజినీరైపోతాడు. సోల్డరింగ్ వాసన లేని సెలవు రోజు ఆ ఇంట్లో లేదు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఎవరి సరదా వాళ్ళది. తంటా అంతా ఎక్కడంటే, చెడిపోయిన వస్తువంటే ఆయనకు ప్రాణం, పనిచేసే వస్తువంటే చిన్నచూపు. మిక్సీ బాగా తిరుగుతుంటే దాని స్విచ్చు ఇంకోదానికి పనికొస్తుంది. గోడ గడియారం సరిగ్గా నడుస్తుంటే దాని లోపలి భాగాలు మరోదానికి కావాలి. "ఒక్కసారి పరీక్షించి పెట్టేస్తాను" అంటాడు. పరీక్షలు జరుగుతూనే ఉంటాయి, పెట్టేయడం మాత్రం జరగదు.

ఆస్పత్రి వరండాలో, లోపల ఆపరేషన్ జరుగుతుండగా, కోడలు పళ్ళు నూరుతూ అడిగింది. "షెల్ఫులో కొత్త బజర్ల డబ్బా ఉందిగా. మొన్ననేగా తెప్పించారు. మీ అమ్మ బెల్లు ఎందుకు విప్పారు?"

"దాని సీలు విప్పలేదు."

"విప్పితే?"

"విప్పితే వాపసు తీసుకోరు. అంతకంటే మంచి రకం వచ్చింది, అది చూసి దీన్ని తిప్పి పంపుదామనుకున్నా. ఐదు నిమిషాల పని అనుకున్నానే. అమ్మ అప్పుడు నిద్రపోతోంది."

కొన్నది విప్పకూడదు కాబట్టి ఉన్నది విప్పాడు. ఇంతకు మించి తిట్టడానికి ఆమెకు భాష చాలలేదు.

అందరికీ అబద్ధం చెప్పింది మాత్రం అతను కాదు. అంబులెన్సులో, నొప్పితో మూలుగుతూ, ఎవరూ అడగకముందే అత్తగారే అంది. "నేనే లేచానమ్మా. బెల్లు కొట్టలేదు." ఆ స్థితిలో ఉన్న మనిషితో వాదమేమిటని కోడలు ఊరుకుంది. ఆ ఊరుకున్నదే ఇప్పుడు తిరిగి తిరిగి తన మెడకు చుట్టుకుంటోంది.

"ఏం ఆలోచిస్తున్నావ్?" అంది ఆడపడుచు. "కళ్ళద్దాల షాపు ఎక్కడికీ పోదు. అమ్మ కోలుకున్నాక మళ్ళీ చేరొచ్చు."

"చేరడానికి కుదరదు వదినా. వచ్చే నెల నుంచి అద్దాలు కోసే గది మొత్తం నా చేతికిస్తున్నారు. ఇన్నేళ్ళు నిలబడి పనిచేస్తే ఇప్పుడు వచ్చింది. నేను కాదంటే ఆ చోట్లో ఇంకొకరు కూర్చుంటారు."

"గది నీ చేతికివ్వడమేమిటి, అదేమన్నా రాజ్యమా?"

"మీకు ఉతికే విభాగం ఎంతో నాకు అదీ అంతే."

ఆడపడుచు మొహం గంటు పెట్టుకుంది. ఇంతలో తలుపు ఎవరో తట్టారు. కోడలే వెళ్ళి తీసింది. పార్సెలు. బరువైన అట్టపెట్టె. మీద మొగుడి పేరు.

"ఎప్పుడు ఆర్డరు పెట్టారు ఇది?" అంది, పెట్టె అక్కడే గుమ్మంలో ఆనించి.

అతను మొదటిసారి తలెత్తాడు. మొహంలో దీపం వెలిగినట్టయింది.

"అమ్మ కోసమే," అన్నాడు హుషారుగా. "మంచం పక్కన పరిచే మ్యాట్. అమ్మ కాలు కింద పెట్టగానే తెలిసిపోతుంది. దానికో చిన్న బోర్డు కలుపుతాను. ఆస్పత్రిలో కూర్చున్నప్పుడే చూశాను. ఆఫర్ ఆ రోజుతోనే అయిపోతోంది."

"ఆస్పత్రిలో."

"ఆపరేషన్ జరుగుతుంటే ఏం చేస్తాం, ఊరికే కూర్చున్నాం కదా."

"మంచిది. అమ్మ కాలు కింద పెడితే ఏమవుతుంది?"

"నీ ఫోన్ మోగుతుంది."

"నా ఫోనా?"

"నువ్వు ఇంట్లో ఉంటావుగా."

ఆడపడుచు తల ఊపింది. "చూశావా, వాడు వాడి శక్తికొద్దీ చూస్తూనే ఉన్నాడు. నువ్వు కూడా కాస్త తగ్గితే..."

కోడలు ఇక వినలేదు. విసవిసా వెనక గదిలోకి వెళ్ళింది. చేతికందిన డబ్బా తెచ్చి హాల్లో ఆడపడుచు కాళ్ళ ముందు పడేసింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తెచ్చింది. మీటర్లు, మోటార్లు, కెమెరాలు, రంగురంగుల లైట్ల చుట్టలు, మాట్లాడితే పలికే స్పీకర్లు, బోర్డుల పొట్లాలు. సగం డబ్బాలకు అంటించిన టేపు అంటించినట్టే ఉంది. మూడో విడతకు అతను లేచి అడ్డం వచ్చాడు.

"జాగ్రత్త! అది సున్నితమైనది!"

"మీ అమ్మ ఎముక కంటేనా?"

"ఏమిటా మాటలు?" అని గర్జించింది ఆడపడుచు. "పడిపోయిన మనిషి లోపల వింటోంది!"

"వినాలనే అంటున్నాను. చూడండి వదినా, బాగా చూడండి. వీటిలో ఒక్కటైనా ఈ ఇంట్లో పనిచేస్తోందేమో చెప్పండి. ఈయనగారికి కొనేటప్పుడున్న సరదా విప్పేటప్పుడు ఉండదు. విప్పేటప్పుడున్న సరదా మళ్ళీ బిగించేటప్పుడు ఉండదు. వీటిని ఆపమని ఎవరూ అనరు. ఆపాల్సింది మాత్రం నా ఉద్యోగం."

అతను వంగి డబ్బాలు ఒక్కొక్కటే ఎత్తి మూలలు నలిగాయేమోనని చూసుకుంటున్నాడు. పెళ్ళాం మొహం చూడలేదు.

"ఇవి వేరు, అది వేరు," అన్నాడు గొణుగుతున్నట్టు. "నేనేమన్నా తాగుతున్నానా, తిరుగుతున్నానా? ఇంటిపట్టున కూర్చుని నా పని నేను చేసుకుంటున్నాను."

"అమ్మాయ్," అని లోపలినుంచి నీరసంగా పిలుపు వినిపించింది. "ఒకసారి ఇలా రా."

కోడలు లోపలికి వెళ్ళి తలుపు వేసింది.

అత్తగారు ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసిన మనిషి. ఇప్పటికీ నడుము నిటారుగా పెట్టి కూర్చోవడం ఆవిడకు అలవాటు. మంచాన పడేసరికి ఆ నడుమే ఆవిడను ఎక్కువగా అవమానిస్తోంది.

"మెల్లగా మాట్లాడు," అంది.

"ఇంతవరకు మెల్లగానే మాట్లాడాను అత్తయ్యా. ఇక నావల్ల కాదు. మీరు బెల్లు నొక్కారు. నేను చూశాను."

అత్తగారు కళ్ళు మూసుకుంది. గోడ అవతల ఆడపడుచు ఏదో అంటోంది, తమ్ముడు దేనికో సరే అంటున్నాడు.

"నొక్కానే," అంది చివరికి. "నొక్కుతూనే ఉన్నాను. చచ్చిన లైను ఎలా ఉంటుందో నాకు తెలియదా? అవతల ఏమీ లేదని మొదటిసారికే తెలిసింది. అయినా నొక్కాను. వాడు వస్తాడని కాదు. ఊరికే ఎలా ఉండటం? ఇక ఆగలేక లేచాను."

కోడలు వంగి జారిన దుప్పటి సరిచేసింది. "మరి ఆ మాట వాళ్ళతో ఎందుకు చెప్పరు?"

"చెబితే అది నన్ను తీసుకుపోతుంది."

"వదినా?"

"దాని సంగతి నీకు తెలియదు. తమ్ముడి వల్ల ఇలా అయిందని తెలిస్తే ఈ పూటే బండి పిలుస్తుంది. అక్కడ నన్ను హోటలు దుప్పటి మడత పెట్టినట్టు మడత పెట్టి మూల గదిలో ఉంచుతుంది. వేళకు తిండి, వేళకు మందు, వేళకు లైటు ఆర్పడం. ఒక్క మాట ఎక్కువ మాట్లాడనివ్వదు. నేను ఇక్కడే ఉంటాను. నీ దగ్గరే ఉంటాను."

"నా దగ్గర ఉండాలంటే నా పని పోవాలా అత్తయ్యా?"

"పనిదేముంది తల్లీ, మళ్ళీ దొరుకుతుంది."

"మీరు మానారా? మామయ్యగారు మానేయమని ఎంత గొడవ చేశారో మీరే చెప్పారుగా. ఈ కొడుకును చంటిపిల్లాడప్పుడు పక్కింట్లో వదిలి డ్యూటీకి వెళ్ళానని మీరే గొప్పగా చెప్పారుగా."

అత్తగారి పెదవులు బిగుసుకున్నాయి. ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలో జవాబంతా ఉంది. కోడలు ఇంకాసేపు నిలబడింది. ఆ ముఖం మళ్ళీ ఇటు తిరగలేదు.

ఆమె తలుపు తీసేసరికి హాల్లో మొగుడు ఫోన్లో మాట్లాడుతున్నాడు. చాలా మర్యాదగా, వినయంగా.

"...అవునండీ. ఇంటి పరిస్థితి అలా వచ్చింది. లేదండీ, రేపటి నుంచే. తను చెప్పలేక మొహమాటపడుతోంది, అందుకే నేను... చాలా థాంక్సండీ మేడం."

ఫోన్ పక్కన పెట్టాడు. పెట్టి, చాలా పెద్ద పని అయిపోయినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఎవరితో?" అంది కోడలు.

"మీ షాపు మేడంతో. ఆవిడ చాలా మంచి మనిషే. అర్థం చేసుకుంది."

తన ఉద్యోగం. తను నిలబడి సంపాదించుకున్న చోటు. పక్కింటి నుంచి పెరుగు వద్దని చెప్పినంత తేలిగ్గా ఈ మనిషి ఫోన్లో వద్దని చెప్పేశాడు. తనను అడగలేదు. గదిలోకి వచ్చి ఒక్క మాట చెప్పలేదు. పనిచేస్తున్న వస్తువుల మీద వేసినట్టే తన మీదా చెయ్యి వేశాడు.

"మీ నంబరు నుంచి నా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు," అంది. గొంతు పైకి లేవలేదు. అందుకే కాబోలు, ఆడపడుచు కూడా తలెత్తి చూసింది.

"నేనే చెప్పమన్నాను," అంది ఆవిడ. "ఎవరో ఒకరు తేల్చాలిగా."

"అయితే ఇదీ తేల్చండి వదినా. అత్తయ్య బెల్లు కొట్టింది. కొడుతూనే ఉంది. అది మోగలేదు. ఎందుకు మోగలేదంటే, అందులో బజర్ మీ తమ్ముడు పీకి తన బొమ్మకు పెట్టుకున్నాడు. కొత్త బజర్ల డబ్బా సీలు విప్పడం ఇష్టం లేక. అత్తయ్య గడప మీద పడి ఉంటే ఈయన గోడకు అవతల చెవులు మూసుకుని వీడియో చూస్తున్నాడు."

ఆడపడుచు తమ్ముడి వైపు తిరిగింది.

"ఏరా?"

అతను ఒక డబ్బా అందుకుని దాని మీది టేపు సరిచేశాడు.

"నిన్నే అడుగుతున్నా. బెల్లు పాడైందా?"

"లేదక్కా. బాగానే ఉంది," అన్నాడతను నేల చూస్తూ.

నిజమే, ఇప్పుడు బాగానే ఉంది. తల్లిని ఆస్పత్రిలో చేర్చిన మర్నాడు బట్టలు తేవడానికని ఇంటికొచ్చి, బజర్ తిరిగి అతికించి గోడకు తగిలించేశాడు. పెళ్ళయ్యాక అతను విప్పిన వస్తువును మళ్ళీ బిగించడం కోడలు చూడటం అదే మొదటిసారి.

ఆడపడుచు విసురుగా లోపలికి వెళ్ళి బటన్ నొక్కింది. హాల్లో బెల్లు చెవులు చిల్లులు పడేలా మోగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మోగింది.

"మోగుతోందిగా!" అని గదిలోంచే అరిచింది. "అమ్మా, నిజం చెప్పు. నా మీద ఒట్టు. ఆ రోజు నువ్వు ఇది నొక్కావా, లేదా?"

కోడలు గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది. మంచం మీదున్న అత్తగారి కళ్ళు ఆమె కళ్ళను కలిశాయి. ఇందాక మూసుకున్న ఆ కళ్ళే. ఆ చూపులో బతిమాలడం ఉంది, భయం ఉంది. కోడలు చూపు మరల్చుకోలేదు. చెప్పండి, అనుకుంది లోపల. ఒక్కసారి నాకోసం చెప్పండి.

"నొక్కలేదు," అంది అత్తగారు.

"మరి ఇది ఇలా అంటోందేమిటి?"

అత్తగారు చూపు పక్కకు తిప్పుకుంది. "ఉద్యోగం పోతోందని బాధ. ఆ బాధలో ఏదో అంటోంది. అబద్ధం."

ఆడపడుచు బయటికొచ్చి కోడలి ముందు నిలబడింది. ఈసారి ఆ గొంతు తగ్గింది. తగ్గిన ఆ గొంతు అరుపు కంటే అసహ్యంగా ఉంది.

"కట్టుకున్నవాడి మీద ఇంత నింద వేస్తావా? అదీ ఆ స్థితిలో ఉన్న ముసలిదాన్ని అడ్డం పెట్టుకుని?"

కోడలు మొగుడి వైపు చూసింది. నిజం తెలిసిన మనిషి, ఒక్క మాటతో తనను నిలబెట్టగల మనిషి, అక్కడే ఉన్నాడు. మోకాళ్ళ మీద వంగి, నలిగిన డబ్బా మూల బొటనవేలితో నొక్కి సరిచేస్తున్నాడు.

"చెప్పరా," అంది ఆడపడుచు. "నువ్వే చెప్పు. ఎవరి మాట నిజం?"

అతని వేలు ఆగింది.

"అమ్మ చెప్పిందే," అన్నాడు.

కోడలు వంటింట్లోకి వెళ్ళి స్టవ్ మీద ఉడుకుతున్నది ఆపింది. గోడ మేకుకున్న హ్యాండ్‌బ్యాగు తీసి భుజాన వేసుకుంది. హాల్లోంచి డబ్బాలు దాటుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"ఎక్కడికి?" అన్నాడు అతను, ఇప్పటికి లేచి నిలబడి.

"షాపుకి. నా నోటితో నేను మాట్లాడుకోవడానికి. మీరు ముగ్గురూ నిజమే చెప్పారు కదా, ఇక అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఆవిణ్ణి చూసుకోండి. మందు వేళైంది. పక్క మార్చాలి. బెడ్‌పాన్ పెట్టాలి. మగాడని మీ అక్కయ్య వదిలేస్తే వదిలేస్తారు. నేను వదలను."

"ఇప్పుడు నువ్వు గడప దాటితే..." అని మొదలుపెట్టింది ఆడపడుచు.

"దాటితే?"

ఆ వాక్యం ఎలా ముగించాలో ఆవిడకూ తెలియలేదు. కోడలు వంగి ఒక చెప్పు తొడుక్కుంది.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. నొప్పి పళ్ళ బిగువున ఆపుకుంటున్న గొంతు. పిలిచింది కొడుకును కాదు, కూతురిని కాదు.

"అమ్మాయ్... అమ్మాయ్, తొందరగా రా."

"నేను వస్తున్నానమ్మా!" అంటూ ఆడపడుచు అటు అడుగు వేసింది.

"నువ్వు కాదు," అంది ముసలావిడ. "దాన్ని రమ్మను."

"వస్తున్నా అత్తయ్యా," అనేసింది కోడలు. ఆలోచించేలోపే నోట్లోంచి వచ్చేసింది. ఆ మాట తన నోటివెంట అలా వచ్చినందుకు ఆమెకు అందరికంటే తన మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

మొగుడు గుండె మీద నుంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలి, మళ్ళీ వంగి డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అది చూసి కోడలు రెండో చెప్పులో కూడా కాలు పెట్టింది.